పీకెయ్యండి, ఏం కాదు

శంకర్‌పల్లి రోడ్డు మీద దొంతన్‌పల్లి దగ్గర కాసేపు నిలబడితే పెన్‌డ్రైవ్ వాడే జనం రెండు రకాలుగా కనిపిస్తారు. ఒకరు ఇక్ఫాయ్ క్యాంపస్ పిల్లలు. ప్రాజెక్టు రిపోర్టు ప్రింట్ తీయించడానికి జిరాక్స్ షాపు ముందు జేబులు తడుముకుంటూ ఉంటారు. ఇంకొకరు ఊరి రైతులు, డ్రైవర్లు. వాళ్ల ట్రాక్టర్ తాళంచెవికే పెన్‌డ్రైవ్ వేలాడుతుంది, దాన్నిండా డీజే పాటలు, బోనాల పాటలు. చదువులో, వయసులో, భాషలో ఎంత తేడా ఉన్నా ఈ ఇద్దరూ ఒక్క విషయంలో ఏకమవుతారు. కంప్యూటర్ లోంచి పెన్‌డ్రైవ్ తీసేటప్పుడు ఇద్దరూ ఒకే మాట అంటారు: "ఏం కాదు."

ఆ ఏకాభిప్రాయాన్ని గౌరవిస్తూ ఈ చిట్కాలు రాస్తున్నాను. చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఇళ్లలో ఇప్పటికే ఆచరణలో ఉన్నవే తప్ప ఇందులో నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. వీటిని తు.చ. తప్పకుండా పాటించినవారి పెన్‌డ్రైవ్ ఎన్నటికీ పాతబడదు. పాతబడేదాకా ఉంటే కదా.

కొనడంతో మొదలుపెడదాం. ఫుట్‌పాత్ మీదో, ఆన్‌లైన్‌లోనో 2 టీబీ పెన్‌డ్రైవ్ 400 రూపాయలకు కనిపిస్తే వెనకాముందు చూడొద్దు, రెండు తీసుకోండి. లోపల ఉండేది 8 జీబీ చిప్పో 16 జీబీ చిప్పో అయి ఉంటుంది. కానీ దాని కంట్రోలర్‌కు అబద్ధం చెప్పడం నేర్పి పంపిస్తారు కాబట్టి కంప్యూటర్‌లో ఠీవిగా రెండు టీబీ అనే చూపిస్తుంది. మొదటి కొన్ని జీబీల దాకా అన్నీ బాగానే ఎక్కుతాయి. ఆ తర్వాత ఎక్కించినవి గాలిలో కలుస్తాయి, లేదా పాతవాటి మీదే పడతాయి. ఫైలు పేరు కనబడుతుంది, సైజు కనబడుతుంది, తెరుచుకోవడం ఒక్కటే ఉండదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్ ఉంది. అది డ్రైవ్‌ను అంచులదాకా నింపి, మళ్లీ చదివి, అసలు ఎంత పడుతుందో చెప్పేస్తుంది. కొన్న రోజే ఇలాంటి పరీక్ష పెట్టి మనసు పాడుచేసుకోవడం దేనికి? పెళ్లి ఫొటోలన్నీ ఎక్కించి, ఫోన్‌లోవి డిలీట్ చేశాక తెలిస్తే చాలు.

అదే పేరున్న షాపులో 16 జీబీది కొంటే మాత్రం ఊరుకోవద్దు. కంప్యూటర్‌లో 14.9 అని చూపిస్తుంది. వెంటనే బిల్లు పట్టుకుని షాపుకెళ్లి, మిగతా జీబీ ఎక్కడ పెట్టావని నిలదీయండి. తయారుచేసే కంపెనీ జీబీకి వంద కోట్ల బైట్లు లెక్కగడుతుంది, విండోస్ 107 కోట్ల 37 లక్షల పైచిలుకు లెక్కగడుతుంది, ఆ తేడా తప్ప పోయిందేమీ లేదని వాడు చెప్పబోతాడు. చెప్పనివ్వొద్దు. 400 రూపాయలకు రెండు టీబీ ఇచ్చినవాణ్ని నమ్మాం, లెక్క చెప్పేవాణ్ని ఎలా నమ్ముతాం?

ఎన్ని కొన్నా అన్నీ ఒక్కదాంట్లోనే వేయండి. బిడ్డ ప్రాజెక్టు, బావమరిది పెళ్లి ఆల్బమ్, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్, ఆధార్, ట్రాక్టర్ పాటలు, ఎవరిదో రెజ్యూమే. పోయినప్పుడు ఏమేం పోయాయో గుర్తుచేసుకునే శ్రమ ఉండదు. అన్నీ అనేయొచ్చు.

ఇక గుచ్చడం. యూఎస్‌బీని తయారుచేసిన ఇంటెల్ బృందానికి పెద్ద మన దేశంలో పుట్టిన ఇంజినీరే, అజయ్ భట్. బరోడాలో చదువుకున్నాడు. 1996లో మొదటి ప్రమాణం వచ్చింది. ఎటు తిప్పి పెట్టినా దిగేలా చేయొచ్చని వాళ్లకూ తెలుసు, కానీ వైర్లు, సర్క్యూట్లు రెట్టింపై ధర కూడా రెట్టింపవుతుందని వదిలేశామని ఆయనే తర్వాత చెప్పాడు. ఆ మిగిల్చిన డబ్బుకు బదులుగా ప్రపంచమంతా దాన్ని తిప్పి తిప్పి పెడుతూ వస్తోంది. మీరు తిప్పకండి. దిగకపోతే బలం సరిపోలేదని అర్థం. అరచేత్తో ఒక్కటి ఇవ్వండి. పోర్టు లోపలి ప్లాస్టిక్ నాలుక విరిగితే పక్కన ఇంకో పోర్టు ఉంది, అన్నీ విరిగేసరికి ఎలాగూ కొత్త సీపీయూ కొనే వయసొస్తుంది.

సీపీయూ డబ్బాకు ముందున్న పోర్టులే వాడండి. అవి లోపల సన్నని వైరుతో మదర్‌బోర్డుకు తగిలించి ఉంటాయి, ఆ వైరు వదులైతే పెన్‌డ్రైవ్ ఉన్నట్టుండి మాయమై, మళ్లీ ప్రత్యక్షమవుతూ టుంగు టుంగుమంటుంది. వెనక పోర్టులు మదర్‌బోర్డుకే అతికించి ఉంటాయి, ఇలాంటి తంటా తక్కువ. కానీ డబ్బా వెనక్కి వంగాలంటే నడుం పడుతుంది, సాలెగూళ్లు, దుమ్ము. ముందువైపే మేలు.

ఇప్పుడు అసలు విద్య. పీకడం.

క్యాంపస్ దారిలో ఏ జిరాక్స్ షాపు ముందు నిలబడినా ఈ పాఠం ప్రత్యక్షంగా చూడొచ్చు.

"అన్నా, జెర జల్ది ఇయ్యే. పదింటికి సబ్మిషన్ ఉంది."

"గుచ్చు తమ్మీ. ఏ ఫోల్డర్ల ఉంది?"

"ఫైనల్ అని ఉంటది సూడే. ఫైనల్ టూ కాదు, ఫైనల్ ఫైనల్."

ఫైలు తెరిస్తే పేజీ నంబర్లు లేవు. పిల్లోడు కుర్చీ అంచున కూర్చుని అక్కడే, పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైల్లోనే నంబర్లు వేస్తాడు, గైడ్ పేరులో స్పెల్లింగ్ సరిచేస్తాడు, సేవ్ నొక్కుతాడు, ప్రింట్ కొడతాడు. మిషన్ లోంచి మూడో కాగితం బయటికి వస్తుండగానే పెన్‌డ్రైవ్ గుంజి జేబులో వేసుకుంటాడు. వర్డ్ ఇంకా మూయలేదు. పెన్‌డ్రైవ్‌కున్న ఎర్ర లైటు ఆఖరిసారిగా మిణుక్కుమన్నది ఇద్దరూ చూడలేదు.

"అగో, తీసినవా? ఫైలు ఇంక బందే చెయ్యకపోతి!"

"ఏం కాదన్నా."

ఏమైందో హాస్టల్‌కు పోయాక, ఇంకో కాపీ కావలసి తెరిచినప్పుడు తెలుస్తుంది. వర్డ్ ఫైలును నేరుగా పెన్‌డ్రైవ్ మీద తెరిస్తే దాని పక్కనే కనిపించని చిన్న ఫైళ్లు పుట్టుకొస్తాయి. సేవ్ చేసినప్పుడు ముందు ఒక తాత్కాలిక కాపీ రాసి, తర్వాత దాన్ని అసలు పేరుకు మారుస్తుంది. ఆ మార్పు మధ్యలో గుంజితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. ఫైలును ముందు డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని, అక్కడ దిద్ది, మూసి, మళ్లీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించవచ్చు. దానికి రెండు నిమిషాలు అదనం. సెమిస్టర్ అంతా ఉన్నా ఆ రెండు నిమిషాలు మాత్రం ఎవరి దగ్గరా ఉండవు.

పీకడం తప్పనేవాళ్లతో వాదన వస్తే ఈ ఆధారం చూపించండి: 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి, పెన్‌డ్రైవ్‌ను త్వరగా తీసేయడానికి వీలుండే పద్ధతినే మైక్రోసాఫ్ట్ మామూలు అమరికగా పెట్టింది. ఇంతవరకే చెప్పి ఆపండి. ఆ వెసులుబాటు ఏదీ కాపీ కానప్పుడే, ఏ ఫైలూ తెరిచి లేనప్పుడే అన్న తర్వాతి వాక్యం చెబితే వాదన బలహీనపడుతుంది. కాలేజీ ల్యాబుల్లో ఉండే ఉబుంటు సంగతి అసలే ఎత్తొద్దు. అక్కడ కాపీ పట్టీ చివరిదాకా పోయి అయిపోయిందని చూపించినా, సరుకు ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉండి మెల్లగా పెన్‌డ్రైవ్‌కు దిగుతూ ఉంటుంది. ఇజెక్ట్ నొక్కితే అది పూర్తయ్యేదాకా ఆగమంటుంది. ఆగడం మన ఇంటా వంటా లేదు.

'ఈ డివైస్ వాడకంలో ఉంది, ఇప్పుడు తీయడం కుదరదు' అని మెసేజ్ వస్తే అది కంప్యూటర్ పొగరు. ఎక్కడో ఒక ఫైలో, ఫొటోనో తెరిచి ఉండి మూయమని అడుగుతోందంతే. మూయడం కన్నా పీకడం తేలిక. సిస్టమ్ షట్‌డౌన్ చేసి తీసినా సరిపోతుందని కొందరు చెబుతారు, అది నిజమే, అందుకే పాటించకండి.

ఇలా పీకితే పోయేది ఏమిటి? పెన్‌డ్రైవ్‌లో ఒక పట్టిక ఉంటుంది. ఊరి పహాణీ ఎలాంటిదో అదీ అలాంటిదే: ఏ ఫైలుది ఏ గుంట, ఎంత విస్తీర్ణం, పక్కన ఎవరిది అన్నీ అందులోనే రాసి ఉంటాయి. భూమి ఎక్కడికీ పోదు, కానీ పహాణీలో మీ పేరు సగం రాసి ఉండగా కలం గుంజుకుంటే ఆ గుంట ఎవరిదో చెప్పే నాథుడుండడు. ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే తర్వాతి చిట్కాలన్నీ సులువుగా అర్థమవుతాయి.

వైరస్ విషయానికి వద్దాం. ప్రింట్ షాపులో సిస్టమ్ ఒక్కటే ఉంటుంది, పొద్దంతా దాంట్లో ఎన్ని పెన్‌డ్రైవులు దిగుతాయో లెక్కుండదు. ఫైలును మెయిల్ లోనో వాట్సాప్ లోనో పంపించి ప్రింట్ తీయించుకుంటే పెన్‌డ్రైవ్ జేబులోంచి బయటికే రాదు. కానీ పెన్‌డ్రైవ్ ఊరేగింపులో ఉన్న కళ అందులో ఏముంది? ఇంటికొచ్చి గుచ్చితే ఫోల్డర్లన్నీ మాయమై వాటి పేర్లతోనే ఒకటి రెండు కేబీల షార్ట్‌కట్లు కనిపిస్తాయి. విండోస్ పెన్‌డ్రైవ్ గుచ్చగానే దానంతటదే ప్రోగ్రామ్ నడపడం 2011 ప్రాంతంలో మానేసింది, కాబట్టి వైరస్ ఆ పని మన చేతనే చేయించుకుంటుంది. అసలు ఫోల్డర్లను దాచేసి, పైన షార్ట్‌కట్ పెడుతుంది. మనం డబుల్ క్లిక్ చేస్తే ముందు వైరస్ నడిచి, తర్వాత ఫోల్డర్ తెరుచుకుంటుంది. తెరుచుకుంది కదా, ఇంకేం సమస్య? రోజూ అలాగే తెరవండి.

అనుమానం వచ్చి ప్రాపర్టీస్ చూస్తే మాత్రం చిక్కే. ఫైళ్లు లేనట్టు కనబడుతున్నా నిండిన చోటు అంతకుముందు ఎంతో అంతే ఉందని బయటపడుతుంది. అంటే సరుకు లోపలే ఉంది. బాగున్న కంప్యూటర్‌లో యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, ఎక్స్‌ప్లోరర్‌లో దాచిన ఫైళ్లను, సిస్టమ్ ఫైళ్లను చూపించే అమరిక మార్చుకుంటే, లేదా కమాండ్ విండోలో అట్రిబ్ కమాండ్ ఇచ్చి దాపరికం గుర్తులు తీసేస్తే, అన్నీ తిరిగి కనబడతాయి. ఆ దారి పట్టొద్దు. మన ప్రాంతంలో ఆమోదం పొందిన వైద్యం ఫార్మాట్ ఒక్కటే.

దారిలో పెన్‌డ్రైవ్ దొరికితే? పాపం ఎవరిదో, వెంటనే ఇంటి సిస్టమ్‌కు పెట్టి చూడండి. ఇంట్లో అందరూ బ్యాంకు పనులు చేసుకునే సిస్టమ్‌కే పెట్టండి. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ అర్బానా-షాంపేన్ క్యాంపస్‌లో పరిశోధకులు కావాలనే 297 పెన్‌డ్రైవులు అక్కడక్కడా పారేశారు. 2016లో ఫలితాలు ప్రచురించారు. 290 మాయమయ్యాయి, వాటిలో 135 డ్రైవుల లోపలి ఫైళ్లను తెరిచారు, మొదటిది ఆరు నిమిషాల్లోపే. ఎందుకు తెరిచారంటే యజమానిని కనుక్కుందామని అన్నవాళ్లే ఎక్కువ. పరోపకారంలో శంకర్‌పల్లి రోడ్డు ఇల్లినాయ్‌కి తీసిపోకూడదు. ఇంకొకరు అంటారు, మా కంప్యూటర్‌కు ఇంటర్నెట్టే లేదు, వైరస్ ఎలా వస్తుందని. మంచి ధైర్యం. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రం యంత్రాలకూ బయటి ఇంటర్నెట్ లేదు. అయినా వాటిలోకి దూరి 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ పెన్‌డ్రైవుల మీదుగా పాకేలా రాసిన పురుగు.

పెళ్లి వీడియో గురించి విడిగా చెప్పాలి. డ్రోన్ షాట్లు, స్లో మోషన్ తలంబ్రాలు అన్నీ కలిపి వీడియోగ్రాఫర్ ఒకే పెద్ద ఫైలుగా ఇస్తాడు. ఐబీఎం 2000లో అమెరికాలో అమ్మిన మొదటి తరం పెన్‌డ్రైవ్‌లో పట్టేది 8 ఎంబీ. ఇప్పటి పెళ్లి కెమెరా ఫొటో ఒకటి పడితే గొప్ప. ఇప్పుడు మీ దగ్గర 64 జీబీ ఉంది, అందులో యాభై దాకా ఖాళీ ఉంది. ఆరు జీబీల వీడియో వేయబోతే, ఫైలు చాలా పెద్దది, పట్టదు అంటుంది! వెంటనే 128 జీబీది కొనండి. అదీ ఒప్పుకోకపోతే 256. అసలు సంగతి జాగాది కాదు, పట్టికది. ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్ మీద ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి ఒక్క బైటు తక్కువ మించి ఉండడానికి వీల్లేదు, మొత్తం జాగా ఎంతున్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌కు మారిస్తే ఆ హద్దు పోతుంది, కొత్త టీవీలు చాలావరకు దాన్ని చదువుతాయి.

ఇది తెలిసిన మరుక్షణం ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవులన్నీ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఇంకో పద్ధతికి మార్చేయండి, పాటలున్నదానితో సహా. పొద్దున్నే దున్నకానికి పోతూ ట్రాక్టర్‌లో గుచ్చితే స్టీరియో 'నో డివైస్' అంటుంది. కార్లలో, ట్రాక్టర్లలో ఉండే చవక స్టీరియోలు చాలావాటికి ఫ్యాట్ 32 తప్ప ఇంకోటి రాదు. "నిన్న మంచిగనే మోగింది, కంప్యూటర్ల పెట్టంగనే ఖరాబయింది" అని పెద్దనాయన తిడితే పడండి. పాటలకు ఒకటి, వీడియోలకు ఒకటి విడివిడిగా పెట్టుకుంటే ఈ తిట్లు ఉండవు. కానీ అన్నీ ఒక్కదాంట్లోనే వేయాలని ఇంతకుముందే నిర్ణయించుకున్నాం. అన్నట్టు, ఆ స్టీరియోల్లో చాలావరకు పాటలను పేరు వరసలో వాయించవు, ఏది ముందు ఎక్కిస్తే అది ముందు మోగుతుంది. అందుకే బరాత్‌లో బండి స్టార్ట్ కాగానే సుప్రభాతం అందుకుంటుంది. ఇందులో తప్పు పాటలు ఎక్కించిన మొబైల్ షాపు పిల్లోడిది కాదు, వాడు భక్తితో మొదలుపెట్టాడు.

ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడిగితే ఆలోచించకుండా అవును అనండి. అంత మర్యాదగా అడిగినప్పుడు కాదనడం బాగోదు. అది అడిగేది పట్టిక చదవలేకపోయినందుకు. పహాణీ చిరిగింది గానీ భూములు అక్కడే ఉన్నాయి. క్యాన్సిల్ నొక్కి, వేరే పోర్టులో, వేరే సిస్టమ్‌లో పెట్టి చూసి, ఫైళ్లు బయటికి తీసుకునే ప్రోగ్రామ్ నడిపితే చాలాసార్లు దొరుకుతాయి. క్విక్ ఫార్మాట్ చేసినా పోయేది పహాణీయే కాబట్టి అప్పటికీ ఆశ ఉంటుంది. ఆ ఆశ కూడా వద్దనుకుంటే క్విక్ అన్న గడిలో టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ ఇవ్వండి. విస్టా కాలం నుంచి అది డ్రైవంతా సున్నాలతో నింపుతుంది. టీ తాగి వచ్చేసరికి నిశ్చింత.

చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోటికి చేర్చే డీఫ్రాగ్ కూడా రోజూ చేయండి. పెన్‌డ్రైవ్‌కు దానివల్ల వీసమెత్తు లాభం లేదు, రాసి చెరిపే ఆయుష్షు మాత్రం తగ్గుతుంది. చవక చిప్పుల్లో ఆ ఆయుష్షు వెయ్యి సార్ల ప్రాంతంలోనే ఉంటుంది.

దాచడం చివరిది. పెన్‌డ్రైవ్‌లో ఫైలు అంటే లోపలి కణాల్లో పట్టి ఉంచిన విద్యుదావేశం తప్ప మరొకటి కాదు. ఏళ్ల తరబడి వాడకుండా పెడితే అది మెల్లగా కారిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా. అందుకని పొలం కాగితాల స్కాన్ ఉన్నదాన్ని ఎండాకాలమంతా కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టండి, లేదా బీరువాలో పట్టుచీరల కింద పెట్టి పదేళ్లు మరచిపోండి. భూముల రికార్డులకు 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది, పోర్టల్ పేరు మారినా మన కాపీ మాత్రం ఒక్కటే ఉండాలి. దసరా నాడు సిస్టమ్‌కు బొట్టు పెట్టేటప్పుడు పెన్‌డ్రైవ్‌కూ పెట్టండి, కుంకుమ దాని మూతిలోని రేకుల మధ్యకు బాగా దిగాలి.

వీసా కాగితాలు ఉన్నదైతే నేరుగా చిలుకూరు బాలాజీ గుడికి తీసుకెళ్లండి, మొయినాబాద్ పక్కనే కదా. కోరిక కోరుకుంటే 11 ప్రదక్షిణలు, తీరితే 108. ఇంకో పెన్‌డ్రైవ్‌లోనో, ఇంటి హార్డ్‌డిస్క్‌లోనో, మెయిల్‌లోనో మరో కాపీ పెట్టుకుంటే ఒక్క ప్రదక్షిణతో సరిపోయేది. కానీ బాలాజీ మీద నమ్మకం లేదంటారేమోనని భయం.

ఇంత చేసినా ఒకరోజు ఫైళ్లు పోతాయి. అప్పుడు వాడకం ఆపొద్దు. అదే పెన్‌డ్రైవ్‌లో కొత్త పాటలు ఎక్కించండి, పోయిన ఫైళ్ల మీద అవి పడితే వెతుక్కునే పని తప్పుతుంది. రెక్యువా, ఫొటోరెక్ లాంటి ప్రోగ్రాములు నడిపితే, దొరికిన ఫైళ్లను ఎక్కడ సేవ్ చేయాలని అడుగుతాయి. కంప్యూటర్‌లోని డీ డ్రైవ్ చూపించడం పిరికితనం, అదే పెన్‌డ్రైవ్ చూపించండి. మూతి విరిగితే ఫెవిక్విక్ వేసి ఎండలో ఆరబెట్టండి. తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టే ముందు ఒకసారి గుచ్చి, పనిచేస్తోందో లేదో చూడండి.

అన్నీ అయ్యాక సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పట్టుకెళ్లండి. రికవరీ చేసే అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, జిగురు ఆరిన మూతిని, కుంకుమను చూసి, ఏం చేశారన్నా దీన్ని అని అడుగుతాడు. ఫార్మాట్ చేసిందీ, పాటలు ఎక్కించిందీ చెబితే వాడికి పని సులువైపోతుంది. చెప్పొద్దు. "ఏం చెయ్యలే తమ్మీ, ఊకెనే పోయింది" అనండి.